అవ్వ ఫోను, ఆరో తరగతి పిల్లవాడు

ప్రశ్న: మాది అనంతపురం. నేను వార్డు సచివాలయంలో ఉద్యోగం చేస్తున్నాను. మావారు లారీ నడుపుతారు, నెలలో సగం రోజులు ఇంట్లో ఉండరు. మా అబ్బాయికి పదకొండేళ్లు, ఆరో తరగతి చదువుతున్నాడు, పాపకు ఏడేళ్లు. అయిదు గంటలకు బడి నుంచి వచ్చింది మొదలు ఆరున్నరకు నేను ఇల్లు చేరేదాకా వాడి చేతిలో మా అత్తగారి ఫోను ఉంటుంది. నేను వచ్చాక హోంవర్కు చూసుకోవాలని నా ఫోను తీసుకుంటాడు. యూట్యూబ్ షార్ట్స్, ఫ్రీ ఫైర్ మ్యాక్స్ ఆటతో రాత్రి పదకొండవుతోంది. అన్నీ కలిపితే రోజుకు నాలుగు గంటలు దాటుతోంది. పాస్‌వర్డ్ మారిస్తే రెండు రోజుల్లో కనిపెడుతున్నాడు. లాక్కుంటే అన్నం మానేస్తున్నాడు. మొన్న ఒకసారి ఫోను నేలకేసి కొట్టాడు. అత్తగారేమో "సూడనీలేమ్మా, బిడ్డ యాడికి పోయినాడు, ఇంట్లోనే ఉండాడు గదా" అంటారు. పూర్తిగా మాన్పించాలా, లేక రోజుకు ఇంతసేపు అని ఇవ్వాలా? ఇస్తే ఎంతసేపు?

సమాధానం: అమ్మా, మీరు అడిగింది ఒక సంఖ్య. తప్పించుకోకుండా ఆ సంఖ్య చెబుతాను. అయితే మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నాకు తోచిందేమిటంటే, మీ ఇంట్లో హద్దు లేకపోలేదు, ఒకటికి నాలుగు ఉన్నాయి. మీరు పెట్టేది ఒకటి, మీ అత్తగారు సడలించేది ఒకటి, మీవారు ఇంటికి వచ్చిన రోజుల్లో ఉండేది మరొకటి, చార్జింగ్ అయిపోయినప్పుడు దానంతట అదే పడేది ఇంకొకటి. ఈ నాలుగింటి నడుమ సందు వెతుక్కోవడంలో మీ అబ్బాయి ఆరితేరాడు. పదకొండేళ్ల పిల్లవాడికి అది తెలివే గాని దుర్మార్గం కాదు. కాబట్టి ఎన్ని నిమిషాలు ఇవ్వాలన్న దానికంటే, ఆ నిమిషాలను ఇంట్లోని పెద్దలు ముగ్గురూ ఒకే మాటగా నిలబెట్టగలరా అన్నది మీ ఇంటికి సంబంధించి అసలు ప్రశ్న.

ముందు సంఖ్య సంగతి చూద్దాం. మన దేశంలోని శిశువైద్యుల సంఘం, అంటే ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, రెండేళ్ల లోపు పిల్లలకు అసలు స్క్రీన్ చూపించవద్దనీ, రెండు నుంచి అయిదేళ్ల లోపు వారికి పెద్దలు పక్కన ఉండగా గంటకు మించనీయవద్దనీ, అయిదు నుంచి పదేళ్ల వారికి రోజుకు రెండు గంటల లోపే ఉండాలనీ చెప్పింది. పదేళ్లు దాటిన వారికి గంటల గీత ఏదీ గీయలేదు. నిద్ర, ఆట, చదువు, ఇంటివాళ్లతో, తోటిపిల్లలతో గడిపే పొద్దు, వీటిలో దేనినీ స్క్రీన్ మింగేయకూడదని మాత్రం చెప్పింది. అమెరికా శిశువైద్యుల సంఘం కూడా, రోజుకు రెండు గంటలు అన్న తన పాత గీతను బడి పిల్లల విషయంలో 2016లో పక్కన పెట్టి, ఎవరి ఇంటికి తగిన ప్రణాళిక వారు వేసుకోవాలని సూచించింది. అంటే మీ పాపకు వైద్యులు చెప్పిన గీత ఉంది. ఈ మధ్యనే ఆ గీత దాటిన మీ అబ్బాయికి లెక్క మీరే వేయాలి.

ఆ లెక్క కష్టమేమీ కాదు. నిద్రతో మొదలుపెట్టండి. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు తొమ్మిది నుంచి పన్నెండు గంటల నిద్ర అవసరమని నిద్ర వైద్య నిపుణులు చెబుతారు. ఉదయం ఆరున్నరకు లేవవలసిన పిల్లవాడు రాత్రి తొమ్మిదిన్నరకు పడుకుంటే గాని ఆ కనీసపు తొమ్మిది గంటలు పూర్తికావు. ఇప్పుడు పదకొండుకు పడుకుంటున్నాడు కనుక రోజుకు గంటన్నర చొప్పున, వారానికి పదిన్నర గంటల నిద్ర అప్పు పడుతోంది. ఇక సాయంత్రం అయిదు నుంచి రాత్రి తొమ్మిదిన్నర వరకు వాడి చేతిలో ఉండేది నాలుగున్నర గంటలు. కాళ్లూ చేతులూ కడుక్కొని ఏదో ఒకటి తినడానికి అరగంట, వీధిలోనో మైదానంలోనో ఆటకు గంట, చదువుకు గంటంబావు, రాత్రి భోజనానికి అరగంట, సంచి సర్దుకొని చెల్లెలితో రెండు మాటలు చెప్పి పక్క ఎక్కడానికి మరో అరగంట తీసేస్తే, మిగిలేది ముప్పావు గంట. మీరు అడిగిన సంఖ్య అదే. బడి ఉన్న రోజున నలభై అయిదు నిమిషాలు. ఆదివారాలు, సెలవు రోజుల్లో రెండు గంటలు, అదీ ఒకే విడతలో కాకుండా రెండు విడతలుగా.

ఈ లెక్క మీ మనసులో ఉంచుకోకండి. ఒక కాగితం మీద సాయంత్రపు గంటలన్నీ రాసి, వాడినే కూర్చోబెట్టి తీసివేతలు చేయించండి. ఆరో తరగతి పిల్లవాడికి ఈ తీసివేత ఒక లెక్కా! "మా అమ్మకు కోపం వచ్చింది కాబట్టి ఫోను లేదు" అనుకోవడానికీ, "రోజులో ఇంతకంటే చోటు లేదు" అని తన చేత్తోనే వేసి చూసుకోవడానికీ చాలా తేడా ఉంటుంది. చదువును ముందుకో వెనక్కో జరుపుకుంటానని వాడు బేరమాడితే ఆడనివ్వండి. నిద్ర గంటలను, ఆట గంటను మాత్రం బేరానికి పెట్టకండి.

ఆట గంట గురించి ఇంకొక మాట. మీ అత్తగారు "ఇంట్లోనే ఉన్నాడు గదా" అన్నది నిజానికి భయం నుంచి వచ్చిన మాట. వీధిలో ఆటోలు, బైకులు, కుక్కలు. మనవడు కళ్లెదుట ఉంటే ఆవిడకు నిశ్చింత. ఆ భయాన్ని కొట్టిపారేయకండి. కానీ ఆరుబయట వెలుతురులో తిరగని పిల్లలకు దూరపు చూపు మందగించడం ఎక్కువని కంటి వైద్యులు పదేపదే చెబుతున్నారు. రోజుకు రెండు గంటలు బయట ఉండగలిగితే మేలని వారి మాట. బడి ఆవరణలో గడిపే సమయాన్ని కలుపుకుంటే మనం అనుకున్న సాయంత్రపు గంట ఆ లెక్కకు దగ్గరగా వస్తుంది. నమ్మకమైన పెద్దపిల్లలు నలుగురు కలిసి ఆడే చోటు వెతకండి. ఒక పద్ధతిలో ఏదైనా ఆట నేర్పించే ఆలోచన ఉంటే, మన ఊళ్లోనే ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే స్వచ్ఛంద సంస్థ వారి అనంత క్రీడా గ్రామం ఉన్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. రఫేల్ నాదల్ పేరు మీద ఉన్న ఫౌండేషన్ 2010లో ఆర్డీటీతో కలిసి టెన్నిస్ బడి తెరిచింది అనంతపురంలోనే. మీ వీధి నుంచి ఎంత దూరమో, పిల్లలను ఏ నెలలో చేర్చుకుంటారో ఒక ఆదివారం వెళ్లి కనుక్కోండి. ఆ వెళ్లడంలో కూడా ఒక పూట ఫోను లేకుండా గడుస్తుంది.

ఇక మీ అత్తగారి ఫోను. మీ ఇంటి సమస్యలో సగం ఆ ఫోనులోనే ఉంది. అయిదు నుంచి ఆరున్నర వరకు ఆవిడ మనవడికి ఫోను ఇవ్వడం గారాబం ఒక్కటే కాదు. ఆ వయసులో ఇద్దరు పిల్లలను ఒక్కరే పట్టుకోవడానికి ఆవిడకు దొరికిన ఆసరా అది. ఆ ఆసరాను లాగేసి దాని స్థానంలో ఏమీ ఇవ్వకపోతే ఆవిడ మీ మాట వినరు, వినమనడం న్యాయం కూడా కాదు. బడి నుంచి రాగానే పిల్లలకు పెట్టడానికి ఉగ్గానియో, బొరుగులో, సెనక్కాయలో పొద్దునే సిద్ధం చేసి పెట్టి, తిన్నాక వాడు ఆటకు, పాప పక్కింటి పిల్లలతో ముంగిట్లోకి వెళ్లేలా ఏర్పాటు చేస్తే ఆవిడకూ ఊపిరి సలుపుతుంది. ఆవిడతో మాట్లాడేటప్పుడు "మీరు పాడు చేస్తున్నారు" అనే మాట పొరపాటున కూడా రానివ్వకండి. "అత్తా, వాడు ఏడ్చి అడిగితే మీరు కాదనలేరు, ఆ పాపం మీ మీద ఎందుకు, అమ్మ వచ్చాకే అని నా మీద నెట్టేయండి" అని చూడండి. కాదనే బరువు మీరు తీసుకుంటే ఆవిడ మీ పక్షానికి వస్తారు.

ఆ ఫోనుకు మీరు వేస్తున్న రీచార్జి ఏమిటో కూడా ఒకసారి చూసుకోండి. ఫోను మాట్లాడటం, భజనలు వినడం తప్ప మరేమీ ఎరుగని పెద్దవారి ఫోనుకు రోజుకు ఒకటిన్నర, రెండు జీబీల డేటా వేయించి, అదంతా పిల్లల షార్ట్స్‌కు ఖర్చు పెట్టడం చాలా ఇళ్లలో చూస్తున్నాను. డేటా లేకుండా మాటలకు, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే పనికొచ్చే ప్యాకులు కూడా ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో టెలికాం సంస్థలను ఆదేశించింది. అయితే ఆవిడకు దూరాన ఉన్న కూతురితో వీడియోలో మాట్లాడే అలవాటు ఉంటే అది తీసేయకండి. ఆవిడ సంతోషాన్ని మనవడి అలవాటుకు బలి పెట్టనక్కరలేదు. భజనలు మెమరీ కార్డులో వేసి ఇవ్వండి, మాట్లాడే గంటకు మీ ఫోను హాట్‌స్పాట్ ఇవ్వండి. ఆ ఫోనులో యూపీఐ గాని, బ్యాంకు కార్డు గాని అనుసంధానమై ఉంటే ఈ రోజే తీసేయించండి. ఈ ఆటల్లో చెల్లే 'డైమండ్లు' అసలు డబ్బు పెట్టి కొనడానికి పిల్లలకు రెండు నిమిషాలు చాలు.

పాస్‌వర్డులతో మీరు చేస్తున్న పోరాటంలో గెలుపు లేదు, ఎందుకంటే మీరు టైపు చేసేటప్పుడు వాడు మీ వేళ్లు చూస్తున్నాడు. గూగుల్ వారి ఫ్యామిలీ లింక్ అనే యాప్ ఉచితం. రోజుకు ఎంతసేపు, రాత్రి ఎన్నింటికి లాక్ కావాలి, ఏ యాప్‌కు ఎన్ని నిమిషాలు అన్నవి తల్లి ఫోను నుంచే నిర్ణయించవచ్చు, కొత్త యాప్ దించుకోవాలంటే మీ అనుమతి అడుగుతుంది. చాలామంది తడబడే చోటు ఒకటుంది: ఇది పిల్లవాడి సొంత గూగుల్ ఖాతా మీద పనిచేస్తుంది గాని, అవ్వ ఖాతా ఉన్న ఫోను మీద కాదు. పైగా ఖాతా తెరిచేటప్పుడు అసలు పుట్టిన తేదీయే ఇవ్వాలి. పని తొందరగా అవుతుందని పద్దెనిమిదేళ్లవాడిగా చూపిస్తే ఈ అదుపంతా పోతుంది. మీ ఇంట్లో పాత ఫోను ఏదైనా పడి ఉంటే, సిమ్ లేకుండా దానిలో మీ అబ్బాయి ఖాతా వేసి, మీ హాట్‌స్పాట్ మీద మాత్రమే నడిచేలా చేయండి. మీరు ఇంట్లో లేనప్పుడు అందులో నెట్ ఉండదు. సమయం అయిపోయినప్పుడు అమ్మ లాక్కోదు, ఫోనే ఆగిపోతుంది. బడి వారు వాట్సప్‌లో పంపే హోంవర్కును మీ ఫోనులో మీరే తెరిచి, నోటు పుస్తకంలోకి ఎక్కించుకోమని వాడికి చెప్పండి. దానికి అయిదు నిమిషాలు పడుతుంది. వాట్సప్ నిబంధనల ప్రకారమే సొంతంగా ఖాతా తెరవాలంటే పదమూడు నిండాలి.

ఈ యాప్ పెట్టేశాం కదా అని నిశ్చింతగా ఉండటానికి మాత్రం లేదు. గొడవ జరిగేది ఫోను ఇచ్చేటప్పుడు కాదు, ఆపేటప్పుడు. మీరు ఎప్పుడు లాక్కున్నారో గుర్తు తెచ్చుకోండి: బహుశా ఆట సగంలో, వాడి జట్టువాళ్లు ఇంకా బరిలో ఉండగా. ఫ్రీ ఫైర్‌ను కేంద్ర ప్రభుత్వం 2022 ఫిబ్రవరిలో నిషేధించినా 'మ్యాక్స్' పేరుతో ఉన్నది పిల్లల ఫోన్లలో మిగిలింది; ఆ ఆట ఒక్కో దఫా పది పదిహేను నిమిషాల్లో ముగుస్తుంది. తుపాకుల ఆట వాడి వయసుకు తగినది కాదని నా అభిప్రాయం, నెమ్మదిగా క్రికెట్ ఆటల వైపో, చదరంగం వైపో మళ్లించండి. కానీ అది ఉన్నంతకాలం నిమిషాల లెక్కతో పాటు ఆటల లెక్క పెట్టండి: "రోజుకు మూడు ఆటలు, మూడోది మొదలుపెట్టే ముందు గడియారం చూసుకో." ముగింపు ఉన్న ఆటకు, ముగింపు ఉన్న వీడియోకు హద్దు పెట్టడం సాధ్యం. షార్ట్స్‌కు ముగింపు లేదు. ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి, పదింటిలో ఒక్కటి బాగుంటుంది, ఆ ఒక్కటి ఎప్పుడు వస్తుందో తెలియదు కనుక వేలు ఆగదు. పెద్దవాళ్లమే ఆపలేకపోతున్నాం. అందుకని ఆ నలభై అయిదు నిమిషాల్లో షార్ట్స్ అసలు వద్దని చెప్పడం నాకు కఠినంగా అనిపించదు. చూడాలనుకుంటే ఒక పెద్ద వీడియో, అందరూ కూర్చునే గదిలో, వీలైతే టీవీలో చూడమనండి.

ఫోను సమయం కూడా రాత్రి ఎనిమిదిన్నరకల్లా ముగియాలి. ముఖానికి దగ్గరగా వెలిగే తెర వెలుతురు నిద్ర తెప్పించే మెలటోనిన్‌ను వెనక్కి నెడుతుంది. దానికి తోడు ఆటలో ఓడిన ఉడుకుతో పక్క ఎక్కిన పిల్లవాడికి కళ్లు మూతపడవు. ఏడూ నలభై అయిదు నుంచి ఎనిమిదిన్నర వరకు ఇస్తే, ఆ వెంటనే కంచాలు పెట్టే వేళ అవుతుంది. "ఫోను పెట్టేయ్" అనే మాట కంటే "అన్నానికి రా" అనే మాట ఏ పిల్లవాడికైనా వినడం తేలిక. తొమ్మిదయ్యాక ఇంట్లోని ఫోన్లన్నీ, మీదీ, అవ్వదీ, పాత ఫోనూ, వంటింటి అరమీద ఒకేచోట చార్జింగుకు పెట్టండి.

మీది కూడా అన్నాను, గమనించారా? ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. మా అబ్బాయి చిన్నతనంలో మా ఇంట్లో రాత్రి తొమ్మిది తరువాత టీవీ ఉండకూడదని నేనే నియమం పెట్టాను. 1998 ఏప్రిల్‌లో షార్జాలో సచిన్ వరుసగా రెండు సెంచరీలు కొట్టిన వారం ఉంది చూడండి, ఇసుక తుఫాను వచ్చి మొదటి మ్యాచ్ ఆలస్యమైంది, నేను టీవీ ముందు నుంచి లేవలేదు, వాడిని మాత్రం పరీక్షలని గదిలోకి పంపాను. వాడు తలుపు సందులోంచి మ్యాచ్ అంతా చూశాడట. ఆ సంగతి ఇరవై ఏళ్ల తరువాత, తన కొడుకు ఫోను గురించి నేను సలహా ఇవ్వబోతే, నవ్వుతూ చెప్పాడు. ఆ రోజు నుంచి వాడి ఇంట్లో నేను సలహాలు తగ్గించాను.

నియమం మొదలుపెట్టిన తొలి వారం పది రోజులు మీకు కష్టకాలం. ఇప్పటికంటే ఎక్కువ అరుస్తాడు, అన్నం మానేస్తాడు, "మీకు నేనంటే ఇష్టం లేదు" అంటాడు. పని చేసిన మొండితనం పని చేయడం మానేసినప్పుడు ముందు పెరిగి, తరువాతే తగ్గుతుంది. మీరు మూడు రోజులు నిలబడి నాలుగో రోజున తగ్గితే, నాలుగు రోజులు ఏడవాలన్న పాఠం వాడు నేర్చుకుంటాడు. అన్నం మానేసిన పూట బతిమాలకండి, తిట్టకండి. కంచం మూతపెట్టి ఉంచి, ఆకలైతే తినమని చెప్పి మీ పని చూసుకోండి. ఫోను మళ్లీ విసిరితే చేయి చేసుకోవద్దు. మరుసటి రోజు ఫోను ఉండదని ముందే చెప్పి ఉంచండి, ఉండనివ్వకండి, ఆ తరువాతి రోజు మాత్రం మారు మాట లేకుండా ఇచ్చేయండి. వారాల తరబడి లాక్కుని దాచే శిక్షలు పెద్దవాళ్లే నిలబెట్టలేరు. ఫోనును బహుమతిగా కూడా చేయకండి. మార్కులు వస్తే అదనంగా గంట అన్నారంటే ఇంట్లో అన్నిటికంటే విలువైన వస్తువు అదేనని మీరే చెప్పినట్టు.

పూర్తిగా మాన్పించాలా అని అడిగారు. వద్దు. తోటిపిల్లలందరూ మాట్లాడుకునేది వాటి గురించే అయినప్పుడు పూర్తిగా దూరం చేస్తే పక్కింట్లో చూస్తాడు, మీకు తెలియకుండా చూస్తాడు. అయితే కొన్ని గుర్తులు కనిపిస్తే ఇది గారాబం మాట దాటిపోయిందని గ్రహించండి: ఫోను లేనప్పుడు వేరే దేనిమీదా ఆసక్తి లేకపోవడం, డబ్బు తీయడం, స్నేహితులను, బడిని వదులుకోవడం, నష్టం కనబడుతున్నా ఆగలేకపోవడం, ఇవి నెలల తరబడి సాగడం. ఆటల వ్యసనాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల జాబితాలో చేర్చింది. సాధారణంగా ఏడాది పాటు ఈ లక్షణాలు ఉంటేనే ఆ పేరు పెడతారు. మీరు రాసిన దానిని బట్టి మీ అబ్బాయి ఆ దారిలో లేడు. అనుమానం ఉంటే 14416కు ఫోను చేయండి, అది టెలి మానస్ అనే ఉచిత మానసిక ఆరోగ్య సేవ, తెలుగులో మాట్లాడవచ్చు. మన ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్యులను కలవవచ్చు. ఇంకా అవసరమైతే బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో ఫోను, ఆటల అలవాటు కోసమే 'షట్ క్లినిక్' పేరుతో ఒక విభాగం 2014 నుంచి నడుస్తోంది.

మీవారి సంగతి చివరికి ఉంచాను. పదిహేను రోజుల తరువాత ఇంటికి వచ్చిన మనిషికి కొడుకు ముఖం మీద నవ్వు చూడాలని ఉంటుంది, ఆ నవ్వుకు దగ్గరి దారి ఫోను. ఆయన్ను తప్పు పట్టడం కంటే ఆయనకు వేరే దారి చూపించండి: లారీ కడిగేటప్పుడు, టైర్లలో గాలి చూసేటప్పుడు, ఆదివారం సంతకు వెళ్లేటప్పుడు వాడిని వెంట తీసుకుపోతే, ఏ ఫోనూ ఇవ్వలేనిది వాడికి దొరుకుతుంది. ఆయన దూరంగా ఉన్న రోజుల్లో నాయనతో వీడియో కాల్ మాట్లాడే సమయాన్ని నలభై అయిదు నిమిషాల లెక్కలో వేయకండి.

మార్చి నడుమ ఒంటిపూట బడులు మొదలైతే ఈ లెక్క పనికిరాదు. మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా మన ఎండల్లో పిల్లలను బయటికి పంపలేం. అప్పుడు ఆటను ఉదయం చల్లటి వేళకు, సాయంత్రం పొద్దు వాలాకకు మార్చి, మధ్యాహ్నం ఒక గంట ఫోనుకు ఇచ్చి, మిగిలిన ఎండపొద్దుకు క్యారమ్స్, కథల పుస్తకాలు, నిద్ర ఏర్పాటు చేయవలసి ఉంటుంది. ఆ కాగితాన్ని అప్పుడు మళ్లీ వాడితోనే రాయించండి.

మొదలుపెట్టే రోజును మాత్రం మీరొక్కరే నిర్ణయించకండి. మీవారు ఈసారి లోడు దింపి ఇంటికి ఎప్పుడు వస్తారో కనుక్కొని, ఆ మరుసటి రోజు రాత్రి భోజనాలయ్యాక, అత్తగారిని కూడా కూర్చోబెట్టుకొని, కాగితం, పెన్ను మీ అబ్బాయి చేతికి ఇవ్వండి.